శ్రీకాకుళంలో పెట్టొచ్చా అంటే

రేడియోధార్మికతతో వెలిగే నానోకణాల స్కానింగు మన శ్రీకాకుళంలో పెట్టొచ్చా అని పైన అడిగిన తమ్ముడికి: చిక్కంతా వెలుతురు చాలకపోవడమే. ఒంట్లోకి ఎక్కించే రేడియోధార్మిక పదార్థం ఫ్లోరిన్-18. అది వదిలే పాజిట్రాన్లు (ధనావేశమున్న ఎలక్ట్రాన్ల లాంటి కణాలు) ఒంట్లో కాంతి కంటే వేగంగా దూసుకుపోతూ చెరెంకోవ్ కాంతి అనే మెరుపునిస్తాయి. ఆ కాంతి ఎక్కువగా నీలం, దాన్ని రక్తంలోని హిమోగ్లోబిన్ మింగేస్తుంది. అందుకే యూరోపియం ఆక్సైడ్ కణాలు కలుపుతారు. అవి ఆ రేడియోధార్మికతతోనే 620 నానోమీటర్ల దగ్గర ఎర్రగా వెలుగుతాయి, ఎరుపును రక్తం అంతగా మింగదు. ఆ పని ఇప్పటికి ఎక్కువగా ఎలుకల మీదే. కనిపించేదీ పైపైనే, కాలేయం లోపలి గడ్డకు పెట్ స్కానే (పాజిట్రాన్ల వల్ల పుట్టే గామా కిరణాలను పట్టేది) దిక్కు. చీకటి గదిలో తలుపు సందు వెలుతురు పడినా, పరికరం మీద చిన్న ఎల్ఈడీ వెలిగినా చిత్రం పాడే! ఆసుపత్రుల్లో స్కానింగుకు వాడే మరో రేడియోధార్మిక పదార్థం టెక్నీషియం-99ఎంతో చెరెంకోవ్ కాంతి రాదా అంటే, దాని గామా కిరణం శక్తి 140 కిలో ఎలక్ట్రాన్ వోల్టులే. నీటిలో చెరెంకోవ్ పుట్టడానికి ఎలక్ట్రానుకు సుమారు 260 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉండాలి. ఇక ఫ్లోరిన్-18 అర్ధాయువు, అంటే సగం తరిగిపోయే సమయం, 110 నిమిషాలు. విశాఖలో బండెక్కిస్తే మన ఊరు చేరి, దించి, కొలిచేసరికి సగానికి పైగా తరిగిపోతుంది. బయల్దేరేటప్పుడే రెట్టింపు కంటే కాస్త ఎక్కువ నింపించుకోవాలి.