మహిళా పరిశోధకులకు తోడ్పాటు ప్రతిభకు అన్యాయమా?

వైద్య కళాశాలల్లో ఇప్పుడు ఆడపిల్లలే ఎక్కువగా చేరుతున్నారనీ, పరిశోధనను వాళ్లు ఇష్టపూర్వకంగానే వదులుకుంటున్నారనీ, ప్రతిభ ఉన్నందునే వైద్య పరిశోధకురాలు గగన్‌దీప్ కాంగ్ వంటివారు ఎదిగారనీ, కనుక మహిళా పరిశోధకుల కోసం ప్రత్యేక పథకాలు ప్రతిభకు అన్యాయమనీ చెప్పే సందేశాన్ని చాలామంది పంచుకుంటున్నారు.

ప్రవేశాల మాట ఒప్పుకుందాం. కానీ ఎంబీబీఎస్ సీటు వేరు, పరిశోధనలో స్థానం వేరు. 18వ ఏట చేరిన అమ్మాయికి ఐదున్నరేళ్ల ఎంబీబీఎస్, మూడేళ్ల ఎండీ పూర్తయ్యేసరికి 27 దగ్గరపడతాయి. పరిశోధనలో నిలదొక్కుకోవలసిన ఏళ్లూ, కాన్పు, పసిబిడ్డ పెంపకం ఉండే ఏళ్లూ చాలామందికి ఒక్కటే. ఉద్యోగ ప్రకటనలోని వయోపరిమితి సాధారణంగా పుట్టినతేదీని చూస్తుందే తప్ప, బిడ్డ కోసం ఇంట్లో గడిపిన రెండేళ్లను చూడదు. ఒక దారి మూసేసి, మిగిలిన దారిన వెళ్లినామెను ‘ఇష్టపడే వెళ్లింది’ అనడం ఎంతమాత్రం న్యాయం కాదు.

కాంగ్ ఉదాహరణ ఆ వాదనకే ఎదురు తిరుగుతుంది. బ్రిటన్‌లోని ప్రఖ్యాత శాస్త్రవేత్తల సంస్థ రాయల్ సొసైటీకి తొలి భారతీయ ఫెలోగా (సభ్యుడిగా) అర్దేశిర్ కర్సెట్జీ ఎన్నికైనది 1841లో. భారతదేశంలో పనిచేస్తున్న మహిళల్లో తొలి ఫెలోగా కాంగ్ ఎన్నికైనది 2019లో. మధ్యలో గడిచినవి 178 ఏళ్లు.

ఇక అసలు విషయం ప్రతిభను కొలిచే పద్ధతి. కెనడా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన నిధుల సంస్థ 2014లో తన నిధులను రెండు పథకాలుగా విడదీసింది: ఒకదానిలో ప్రధానంగా ప్రతిపాదించిన పరిశోధనను, రెండోదానిలో ప్రధానంగా దరఖాస్తు చేసిన వ్యక్తిని అంచనా వేశారు. 23,918 దరఖాస్తులపై 2019లో లాన్సెట్ వైద్య పత్రికలో వెలువడిన విశ్లేషణ ప్రకారం, వయసును, పరిశోధన రంగాన్ని లెక్కలోకి తీసుకున్నాక కూడా, మొదటిదానిలో స్త్రీల విజయశాతం పురుషులకంటే 0.9 పాయింట్లు తక్కువ కాగా, రెండోదానిలో 4 పాయింట్లు తక్కువ. పరిశోధన ప్రతిపాదనలో అంతగా కనిపించని లోపం, దాన్ని రాసిన వ్యక్తిని తూచేసరికి స్త్రీలలో కనిపించిందన్నమాట. 1997లో స్వీడన్ వైద్య పరిశోధన మండలి దరఖాస్తులను పరిశీలించిన ఇద్దరు మహిళా శాస్త్రవేత్తలు కూడా ఇలాంటి వివక్షనే బయటపెట్టారు.

మన కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ 2002-03లో ప్రారంభించిన మహిళా శాస్త్రవేత్తల పథకం విరామం తర్వాత తిరిగివచ్చే 27 నుంచి 57 ఏళ్ల మహిళలకు అవకాశమిచ్చింది. కానీ ప్రతిపాదన రాయడం, నిపుణుల పరిశీలనలో నెగ్గడం వారికీ తప్పలేదు. తప్పుపట్టవలసింది మరొకటుంది. ఆ ప్రాజెక్టు మూడేళ్లకు ముగిసేది, ఆపై శాశ్వత ఉద్యోగానికి హామీ ఉండేది కాదు. 40వ ఏట ప్రయోగశాలకు తిరిగివచ్చిన శాస్త్రవేత్త 43వ ఏట మళ్లీ మొదటికే రావలసి వచ్చేది.