రెండు ట్రిగ్గర్లు, ఒక నడిమివేలు

తుపాకుల గురించి మన దేశంలో ఎన్ని చర్చలు జరిగినా, జంటనాళాల తుపాకి పేలినప్పుడు దాన్ని పట్టుకున్నవాని నడిమివేలు ఏమవుతుందన్న ప్రశ్నను మేధావులు ఇంతవరకు పట్టించుకోకపోవడం విచారకరం. నల్లగొండ జిల్లా హాలియా పక్కన ఒక పాత పటేలు ఇంట్లో పుట్టి, మూడు తరాలుగా ఒకే తుపాకి చేతిలో దెబ్బతిన్న వేళ్లను దగ్గరినుంచి చూసినవాణ్ని గనుక, ఆ లోటు తీర్చే బాధ్యత నా మీద పడింది.

మాది 12 బోరు. పౌను సీసాన్ని 12 సమానమైన గుండ్లుగా పోస్తే ఒక్కో గుండు ఎంత లావుంటుందో నాళం అంత వెడల్పు అని దాని అర్థం. మా ఇంటి పిల్లలకు ఎక్కాల కన్నా ముందు ఇది వచ్చేది. నాళాలు రెండు గనుక ట్రిగ్గర్లూ రెండు. ముందుదాన్ని నొక్కితే కుడి నాళం, వెనకదాన్ని నొక్కితే ఎడమ నాళం పేలుతుంది. ఆ రెండింటి నడుమ సుమారు ఒక అంగుళం దూరం ఉంటుంది. సకల దుఃఖాలకూ మూలం ఆ అంగుళమే. తుపాకి మనిషికి సరిపోయిందో లేదో ముందు ట్రిగ్గర్ నుంచి మడమ, అంటే భుజానికి ఆనించే కర్ర భాగం, చివరి దాకా కొలిచి చెబుతారు. ఆ కొలత మామూలుగా 14 అంగుళాలకు కొంచెం అటూఇటూ ఉంటుంది. వెనక ట్రిగ్గర్ నుంచి కొలిస్తే అదే తుపాకి అంగుళం పొట్టిదవుతుంది. అంటే మొదటి తూటాకు సరిపోయిన మనిషి రెండో తూటా నాటికి సరిపోకుండా పోతాడు. మొదటిది పేలాక చేతిని మొత్తంగా కొంచెం వెనక్కి జార్చుకోవాలన్నది ఈ ఏర్పాటులోని మర్మం. అందుకే రెండు ట్రిగ్గర్లున్న మంచి తుపాకులకు పిడి వంపు లేకుండా తిన్నగా చేస్తారు. మా తుపాకికి వంపు ఉంది. చేయి జారదు గనుక వేలే సాగాలి. సాగకపోతే, తుపాకి వెనక్కి తన్నినప్పుడు ట్రిగ్గర్ల చుట్టూ ఉండే ఇనుప కమ్మి వచ్చి నడిమివేలి కణుపు మీద కొడుతుంది. వెనక ట్రిగ్గర్ నొక్కినప్పుడైతే ముందు ట్రిగ్గర్ వచ్చి చూపుడువేలిని పొడుస్తుంది. ఖరీదైన వాటిలో ముందు ట్రిగ్గర్‌కు మడతబందు లాంటిది పెట్టి, వేలికి తగలగానే ముందుకు వాలిపోయేటట్టు చేస్తారు. మాది ఆత్మాభిమానం గల తుపాకి; ఎవరికీ వాలదు.

దీన్ని కొన్న మా తాత నిలువెత్తు మనిషి. ఆయన భుజానికి అది అతికినట్టు ఉండేదట. ఆయన పోయాక లైసెన్సు మా పెద్దబాపు పేరు మీదికి మారింది. పెద్దబాపు తాత భుజం దాకా వస్తాడు, పైగా ఎడమచేతి వాటం. కుడి భుజంవారి కోసం మడమను కొద్దిగా కుడివైపుకు వాల్చి చేస్తారు గనుక, ఎడమ భుజానికి ఆనిస్తే అది దవడను పలకరిస్తుంది. దవడ సంగతి తర్వాత చూద్దామనుకొని, ముందు పొడవు తగ్గించడానికి ఊరి వడ్లాయనను పిలిపించారు. ఇటువంటి పని లైసెన్సున్న తుపాకుల దుకాణంలో చేయించాలని అప్పుడు ఎవరికీ తోచలేదు. ఆయన చెవి మీది పెన్సిలు తీసి, తుపాకి మడమను పెద్దబాపు మోచేతి మడతలో ఆనించి, వేలు ట్రిగ్గర్‌కు అందుతుందో లేదో ఒంటికన్నుతో చూశాడు.

"ఇంచున్నర పోతది పటేలా."

"పోనియ్."

దర్వాజలు చెక్కే రంపంతో అక్రోటు కర్రను కోస్తుంటే, పొట్టును మా పెద్దమ్మ చాటలోకి ఎత్తింది. ఎందుకెత్తిందో ఆమెకూ తెలియదు. ఖరీదైన చెట్టు గదా అనుకొని ఉంటుంది. మరునాడు పెద్దబాపు ఒక తూటా పరీక్షించాడు. చూపుడువేలికి ట్రిగ్గర్ చక్కగా అందింది, బొటనవేలికి ముక్కు కూడా అందింది. ఆ వాపుతో ఆయన దగ్గరి చుట్టాల పెండ్లికి కూడా పోలేదు.

ఆ తర్వాత మా అన్న, అంటే పెద్దబాపు కొడుకు, ఆరడుగులు పెరిగాడు. పోయిన ఇంచున్నరను మళ్లీ తేవాలన్నాడు. అదే వడ్లాయన ఈసారి టేకుముక్క అతికించి, మరలు బిగించి, దానికి రబ్బరు మడమ తొడిగి, అతుకు కనిపించకుండా పైన సైకిల్ ట్యూబు చుట్టాడు. ఇప్పుడు దాని వెనక భాగంలో అక్రోటు, టేకు, రబ్బరు పొత్తుల కాపురం చేస్తున్నాయి.

ఇంత శ్రమ దేనికని అడిగే కుసంస్కారులు ఉంటారు. మూడు తరాల్లో మా ఇంట్లో పేలిన తూటాలను రెండు చేతుల వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. నలిగిన వేళ్లు మినహాయించినా లెక్క సరిపోతుంది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక జంతువు కనిపిస్తే గురిపెట్టే రోజులు పోయాయి. అడవిపందుల నుంచి మా వేరుశనగ చేనును ఇవాళ్టికీ కాపాడుతున్నవి గట్టు వెంట కట్టిన మా పెద్దమ్మ పాత చీరలే. వాటికి లైసెన్సు అక్కరలేదు, వెనక్కి తన్నవు. పెండ్లి బరాతులో గాలిలోకి పేల్చే ముచ్చటకు 2019 ఆయుధ చట్ట సవరణ రెండేళ్ల దాకా జైలో, లక్ష దాకా జరిమానానో, రెండూనో రాసిపెట్టింది.

మరి మా తుపాకి చేసే పనేమిటంటే, ఎన్నికలు వచ్చినప్పుడల్లా పోలీసు స్టేషనులో జమ అయి, అవి ముగిశాక తిరిగి రావడం. 2018 డిసెంబరులో అసెంబ్లీ, 2019 జనవరిలో పంచాయతీ, ఏప్రిల్‌లో పార్లమెంటు, మేలో పరిషత్తులు. ఆ ఆరేడు నెలలు అది మా ఇంట్లో కన్నా స్టేషను గోడకే ఎక్కువ ఆనుకొని ఉంది. ఊపిరి పీల్చుకునేలోపే 2021లో నాగార్జునసాగర్ ఉప ఎన్నిక వచ్చింది. అందుచేత కొలతను ట్రిగ్గర్ నుంచి గాక మోటారు సైకిలు సీటు నుంచి తీసుకోవాలని నా సవినయ ప్రతిపాదన. మా అన్న బండి నడుపుతుంటే వెనక కూర్చున్న పెద్దబాపు ఒడిలో దాన్ని నిలబెట్టుకుంటాడు. స్టేషను మలుపు దగ్గర గుంత వచ్చిన ప్రతిసారీ నాళాల కొస ఆయన గదుమకు తగులుతుంది. అక్కడ రెండంగుళాలు తగ్గించగలిగితే నిజమైన సుఖం అదే. కాని నాళాన్ని కోస్తే చట్టం ఒప్పుకోదు. తల ఎత్తి కూర్చోవడం ఒక్కటే ఆయనకు మిగిలిన మార్గం. చూసేవారు దాన్ని పటేలు దర్పం అనుకుంటారు.

మొన్న పిట్టలదొర వచ్చాడు. ఖాకీ లాగు, తలమీద టోపీ, భుజాన కర్ర తుపాకి. లండన్‌లో తనకున్న మేడల గురించి చెబుతూ చెబుతూ తుపాకిని ఎత్తి వేపచెట్టు మీది కాకికి గురిపెట్టాడు. భుజం, దవడ, చేయి ఎక్కడివక్కడ కుదిరాయి. మా పెద్దబాపు మాట్లాడకుండా చాలాసేపు చూశాడు.

"ఏడ చేయించినవ్?"

"మహారాణి స్వయంగ కొలత దీసి ఇచ్చింది దొరా. మూడు ఓడలల్ల పెట్టి తెచ్చిన."

పెద్దబాపు చేయి చాచి దాన్ని అడిగి తీసుకొని, ఎడమ భుజానికి ఆనించి ఒక కన్ను మూశాడు. దవడకు ఏమీ తగలలేదు. రెండో ట్రిగ్గర్ కోసం ఆయన చూపుడువేలు అలవాటుగా కాసేపు వెనక్కి వెతికింది. అక్కడ ఉన్నది ఒక్క ఇనుప మేకే.