కథా చర్చల గదికి ఒక కడుపుమంట విన్నపం

మహారాజశ్రీ ఫిలింనగర్ కథా చర్చల గది గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. మొన్న ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో తమరి కొత్త విలన్‌ను దర్శించుకున్నాను. హీరో అంటే అతనికి ఒళ్లుమంటట. ఎందుకో చెప్పే తీరిక తమరికి చిక్కలేదు. పాపం, అన్ని సుమోలను గాల్లోకి లేపాలంటే మాటలా! చివర్లో మాత్రం జాలి కోసం అతనికి తన్నులు తిన్న బాల్యాన్ని అతికించారు. ఆ సమయంలో హాలు సగం సమోసాల దగ్గరుంది.

అయ్యా, హీరో గొప్పతనం అందరికంటే బాగా తెలిసినవాడే అసూయపడగలడు. మేము ఈల వేసి ఇంటికి పోతాం, నిద్ర పట్టనిది అతనికే. 1984 నాటి ఇంగ్లిష్ సినిమా ‘అమెడియస్’లో సంగీత మేధావి మోట్సార్ట్ స్వరాల రాతప్రతులు, అతనంటే ఓర్వలేని సాటి సంగీతకారుడు సాలియేరీ చేతికొస్తాయి. ఎక్కడా ఒక్క కొట్టివేత లేదు. చదువుతూ చదువుతూ పరవశించి, కాగితాలు జారవిడుస్తాడు. ఆ సంగీతం అతనికి అర్థం కాకపోయి ఉంటే హాయిగా బతికేవాడు. అన్నట్టు, ఉత్తమ నటుడి ఆస్కార్‌కు ఆ ఇద్దరు పాత్రధారులూ పోటీపడితే దక్కింది ఈ ఓర్వలేనివాడికే.

అంత దూరం దేనికి? మన రామోజీ ఫిలిం సిటీలో తీసిన ‘బాహుబలి 2’ (2017) పట్టాభిషేకం చూడండి. కిరీటం భల్లాలదేవుడిది. ప్రమాణం చేసిన సేనాధిపతి పేరు వినగానే జనం హోరెత్తిపోతారు. రాజుగారు సింహాసనం మీద కూర్చుని అదంతా వినాలి. రాజ్యాన్ని కుట్రతో లాక్కోవచ్చు, ఆ కేకను ఎక్కడ లాక్కుంటాడు? అతను దుర్మార్గుడని తెలిసీ నాకు జాలేసింది. పక్క సీటాయన చూస్తాడని మొహం తిప్పుకున్నాను.

‘దానవీరశూరకర్ణ’లో (1977) కృష్ణుడూ, కర్ణుడూ, దుర్యోధనుడూ తానే అయిన రామారావుగారు సుయోధనుడికి యుగళగీతం కూడా పెట్టారు. మీ విలన్‌కు తీరిగ్గా టీ తాగే సన్నివేశమైనా ఉందా?

మీ గదిలోనే ఒక మూల అల్లం టీ పోస్తూ ఒక సహాయ రచయిత ఉంటాడు. అతను రాసిన సన్నివేశం తెరమీద ఆడుతుంటే, వేరొకరి పేరు పడినప్పుడు చప్పట్లు కొట్టిన మనిషి. వచ్చే సినిమాలో విలన్ మాటలు అతనికి అప్పగించండి. టీ ఎవరైనా పోస్తారు.

ఇట్లు,
బాల్కనీ టికెట్టు కొన్న విధేయుడు