తాళం లేని లెక్కల పుస్తకం

డిగ్రీలో లెక్కలు చదివినవారిని ఎక్కడ చేతులెత్తేశారని అడిగితే చాలామంది రియల్ అనాలిసిస్ పేపరే చెబుతారు. అవధులు, కంటిన్యుటీ లాంటివాటిని గట్టిగా నిరూపించే పేపర్ అది. ఇంటర్ దాకా వందకు తొంభై తెచ్చుకున్న పిల్లలు కూడా ఎప్సిలాన్, డెల్టా వచ్చేసరికి నిర్వచనాన్ని పద్యంలా బట్టీ పట్టి పరీక్ష గట్టెక్కుతారు. వాళ్ల తెలివికి వచ్చిన లోటేమీ లేదు. చేతిలో ఉన్న పుస్తకం వాళ్ల కోసం రాసింది కాదు, అంతే.

ఎక్స్ స్క్వేర్ ప్రమేయాన్నే తీసుకుందాం. ఎక్స్ 1 దగ్గర ఉన్నప్పుడు వర్గంలో తేడా 0.1 దాటకూడదంటే ఎక్స్‌ని అటూ ఇటూ 0.05కి కాస్త తక్కువ దాకా కదపొచ్చు. అదే 100 దగ్గరైతే 0.0005 కూడా కదపలేం. ముందుకెళ్లేకొద్దీ జాగా ఇరుకైపోతుంది. దాటకూడని ఆ 0.1 లాంటి హద్దు ఎప్సిలాన్, ఎక్స్‌ని కదపగలిగే జాగా డెల్టా. అంటే ఒక్కో బిందువుకు ఒక్కో డెల్టా. కంటిన్యుటీకి, అంటే ప్రమేయం ఎక్కడా తెగకుండా సాగుతుందనడానికి, అంత చాలు. యూనిఫాం కంటిన్యుటీ మాత్రం అన్ని బిందువులకూ ఒకే డెల్టా కావాలంటుంది. సంఖ్యారేఖ మొత్తం మీద ఎక్స్ స్క్వేర్ ఆ మాట నిలబెట్టుకోలేదు. ఇంగ్లిష్ నిర్వచనాల్లో ఈ తేడా అంతా 'ఫర్ ఎవ్రీ', 'దేర్ ఎగ్జిస్ట్స్' అనే మాటల్లో ఏది ముందు, ఏది వెనక అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. పంతొమ్మిదేళ్ల కుర్రాడి కన్ను దాన్ని దాటేసి పోతుంది. తెలుగులో 'ఒక్కో', 'ఒకే' అనగానే తేడా చెవిన పడుతుంది. మంచి మాస్టారు బోర్డు దగ్గర ఈ మాట అననే అంటారు. బెల్లు కొట్టాక అది గోడల మధ్యే ఉండిపోతుంది.

ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కాలేజీల్లో 2021-22 నుంచి ఇంగ్లిష్ మీడియమే. ఆ నిర్ణయం మంచిచెడ్డల్లోకి ఇప్పుడు వెళ్లం. పరీక్ష ఇంగ్లిష్‌లో రాసినంత మాత్రాన తెలుగులో అర్థం చేసుకోకూడదన్న రూలేమీ లేదు కదా.

నెట్‌లో అన్నీ ఉన్నాయిగా, ఇంకేం కావాలి అనేవారున్నారు. నిజమే, ఉన్నాయి. అమెరికాలోని ఎంఐటీ తన పాఠాలన్నీ ఉచితంగా పెడతామని 2001లో ప్రకటించింది. గిల్బర్ట్ స్ట్రాంగ్ చెప్పిన లీనియర్ ఆల్జీబ్రా పాఠాలు అలాగే ప్రపంచమంతా చేరాయి. ఆన్‌లైన్ పాఠాలకు మన ఐఐటీల ఎన్‌పీటెల్ ఉంది, కేంద్రం నడిపే స్వయం ఉంది. పరిశోధనా పత్రాలను ఉచితంగా చదవడానికి 1991 నుంచీ ఆర్కైవ్ (arXiv) ఉంది. పెద్ద లెక్కలకు సేజ్, బొమ్మలకు జియోజీబ్రా అనే ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. పైన చెప్పిన డెల్టా ఇరుకైపోవడాన్ని జియోజీబ్రాలో ఫోన్ మీద వేలితో జరిపి చూసుకోవచ్చు. ఐఐటీ బాంబే స్పోకెన్ ట్యుటోరియల్స్‌లో తెలుగులో చెప్పినవీ దొరుకుతాయి.

కానీ ఉచితంగా చూడనివ్వడం వేరు, తీసుకుని మార్చుకోనివ్వడం వేరు. మా ఫిర్యాదంతా ఈ రెండోదాని గురించే. డిగ్రీ కాలేజీ వాట్సాప్ గ్రూప్ ఏదైనా తెరిచి చూడండి. వంకరగా స్కాన్ చేసిన చేతిరాత నోట్సు, ఏ పుస్తకంలోదో తెలియని నాలుగు పేజీలు, పక్కన ఎవరిదో బొటనవేలు. మూడో లైన్లో గుర్తు తప్పు పడిందని అందరికీ తెలుసు. దిద్దే దారి లేదు. ఏటా అదే తప్పు కొత్త బ్యాచ్‌కి ఫార్వర్డ్ అవుతుంది. జిరాక్స్ షాపు కథా ఇంతే. పాఠాల కోసం పుస్తకాల్లోని భాగాలు జిరాక్స్ తీయించడం తప్పు కాదని ఢిల్లీ హైకోర్టు 2016లో చెప్పింది. విద్యార్థులకు అది పెద్ద ఊరట. అయితే జిరాక్స్ తీసిన పేజీని తెలుగు చేసి, మన ఉదాహరణలు కలిపి అచ్చు వేస్తామంటే ఆ తీర్పు పనికిరాదు.

అందుకు పనికొచ్చే పుస్తకాలు వేరే ఉన్నాయి. జిమ్ హెఫెరాన్ లీనియర్ ఆల్జీబ్రా, థామస్ జడ్సన్ అబ్‌స్ట్రాక్ట్ ఆల్జీబ్రా, యిర్జీ లెబ్ల్ అనాలిసిస్. ముగ్గురూ అమెరికాలో పాఠాలు చెప్పినవారే. పీడీఎఫ్‌తో సరిపెట్టకుండా పుస్తకాన్ని తయారుచేసిన సోర్స్ ఫైళ్లు కూడా ఇచ్చేశారు. లైసెన్స్ షరతులు పాటిస్తే చాలు, అనువదించడానికి, అధ్యాయాలు తీసేయడానికి, కలపడానికి ఎవరినీ బతిమాలక్కర్లేదు. హెఫెరాన్ అయితే అభ్యాసాలన్నిటికీ జవాబులూ రాసి పెట్టాడు. కాపీ కొడతారేమోనని మన మాస్టార్లకు టెన్షన్ ఉండొచ్చు గానీ, ఇంటి దగ్గర ఒంటరిగా చదువుకునే అమ్మాయికి ఆ జవాబులే ట్యూషన్.

ఇది మనకు కొత్త విద్యేమీ కాదు. తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితసార సంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. అదీ మక్కికి మక్కి కాదు, తనవీ కలుపుకొంటూ. తెలుగులో మనకు దక్కిన తొలి లెక్కల పుస్తకం అదే. ఆ రోజు లైసెన్స్ అడిగేవారు లేరు. ఇవాళ అడుగుతారు, పై మూడు పుస్తకాలకు ఆ లైసెన్సూ దొరికే ఉంది.

డబ్బు లేదంటే నమ్మలేం. 'ఒకే దేశం, ఒకే చందా' పథకం కింద దాదాపు 13,000 పరిశోధనా పత్రికల కోసం కేంద్రం మూడేళ్లకు 6,000 కోట్లు కేటాయించింది. పరిశోధకులకు అది అవసరమే, కాదనం. డిగ్రీ పిల్లలకు మాత్రం అందులో పెద్దగా ఒరిగేదేమీ లేదు. భారతీయ భాషల్లో అయిదేళ్లలో 22,000 పుస్తకాలు తెస్తామంటూ యూజీసీ 2024లో 'అస్మిత'ను మొదలుపెట్టింది. మంచిదే. అవి బయటికి వచ్చేటప్పుడు సోర్స్ ఫైలుతో, తెరిచిన లైసెన్స్‌తో రావాలి. ప్రజల డబ్బుతో రాయించిన పుస్తకాన్ని దిద్దాలంటే మళ్లీ ప్రజలే అనుమతి అడగాల్సి రావడం విడ్డూరం.

రాసేవాళ్ల సంగతీ చూడాలి. లెక్చరర్ పరిశోధనా పత్రం వేస్తే ప్రమోషన్‌లో లెక్కకొస్తుంది. పాఠ్యపుస్తకంలో ఒక అధ్యాయాన్ని తెలుగు చేసి, యాభై తప్పులు ఏరి పెడితే ఏం వస్తుంది? దానికీ పాయింట్లు ఇవ్వనంతకాలం ఈ పని ఇద్దరు ముగ్గురు పిచ్చివాళ్ల రాత్రి పనిగానే మిగులుతుంది.

రెండు రాష్ట్రాల ఉన్నత విద్యామండళ్లూ కలిసి ఒక్క పేపర్‌తో మొదలుపెట్టాలని మేం కోరుతున్నాం. రియల్ అనాలిసిస్ అయితే మరీ మంచిది. ఎడమ పేజీలో ఇంగ్లిష్, కుడి పేజీలో తెలుగు. సమూహం, వలయం, అవధి లాంటి తెలుగు అకాడమీ మాటల పక్కనే పరీక్షలో రాయాల్సిన ఇంగ్లిష్ మాట కూడా ఉండాలి. తప్పు కనిపిస్తే ఎవరికి రాయాలో చివరి పేజీలో చిరునామా వేయాలి. మొదటి ఏడాది ఆ చిరునామాకు ఉత్తరాలు బాగానే వస్తాయి. రానివ్వండి.