పాస్‌బుక్కులో పేరు లేని రైతు

ఈ నెలలో ఇది నాలుగోసారి. మొన్న మా బాబాయి పంపారు, నిన్న నాతో చదువుకున్న మిత్రుడు, ఈ పొద్దున ఇంకొకరు. అందరిదీ ఒకటే సందేశం: "రైతుకు పన్ను లేదు, కరెంటు ఉచితం, అప్పు మాఫీ. ఇంట్లో కూర్చున్నా ఖాతాలో డబ్బు. ఏ ప్రభుత్వం వచ్చినా రైతుకు పండగే, భారం మనకే." ఇక ఊరుకోలేను.

పన్ను మాట రెండు ముక్కల్లో తేల్చేస్తాను. 2018-19 జాతీయ సర్వే ప్రకారం వ్యవసాయ కుటుంబం సగటు నెల ఆదాయం 10,218 రూపాయలు. కూలి డబ్బులు కూడా అందులోనే ఉన్నాయి. దాని మీద ఎంత పన్ను వేద్దామంటారు? ఎరువు కొన్నా, పురుగుమందు కొన్నా అతను జీఎస్టీ కడుతూనే ఉన్నాడు.

ఉచిత కరెంటు 2004 నుంచి ఉంది. డెల్టా రైతుకు ప్రభుత్వమే కాలువ తవ్వించింది. అనంతపురం రైతు, నల్గొండ రైతు అప్పు తెచ్చి బోరు వేయించుకున్నారు. ఒకటి ఎండితే మరొకటి. ఆ మోటారుకు కరెంటు ఇవ్వడం దానమా?

మాఫీ అయింది బ్యాంకు అప్పు. 2008లో కేంద్రం చేసినా, 2014లో రెండు తెలుగు రాష్ట్రాలు చేసినా, 2024లో తెలంగాణ రెండు లక్షల దాకా చేసినా, వడ్డీ వ్యాపారి దగ్గరున్న ప్రామిసరీ నోటు అలాగే ఉంది.

నన్ను మండించింది "ఇంట్లో కూర్చున్నా డబ్బు" అన్న మాట. తెలంగాణలో 2018లో రైతుబంధు పేరుతో ఎకరాకు ఒక్కో పంటకు 4,000 ఇచ్చారు, తర్వాత 5,000 చేశారు. 2025 జనవరిలో అది రైతు భరోసా అయింది, ఎకరాకు ఏడాదికి 12,000. పేరు మారింది, మొత్తం మారింది. డబ్బు మాత్రం అప్పుడూ ఇప్పుడూ పట్టాదారుకే. దున్ని, విత్తి, కోసిన కౌలు రైతు పేరు భూమి పాస్‌బుక్కులో ఉండదు.

మా పక్క చేను చేసే కౌలు రైతును నిరుడు కొనుగోలు కేంద్రంలో చూశాను. తేమ 17 శాతానికి దిగేదాకా వడ్లు ఎండబోసుకుంటూ, మబ్బు పడితే పరదా కప్పుకుంటూ మూడు రాత్రులు ఆ కుప్ప పక్కనే పడుకున్నాడు. తూకమయ్యాక రాసిన పేరు యజమానిది, డబ్బు పడిన ఖాతా యజమానిది. ఆయన మంచివాడు కాబట్టి తెచ్చి ఇచ్చాడు. కాకపోతే?

ఉమ్మడి రాష్ట్రంలో 2011 చట్టం యజమాని సంతకం లేకుండానే కౌలుదారుకు రుణ అర్హత కార్డు ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం 11 నెలల సాగు హక్కు పత్రానికి ఆ సంతకం తప్పనిసరి చేసింది. భూమి పోతుందేమోనని యజమాని సంతకం పెట్టడు. పత్రం లేనివాడికి బ్యాంకు అప్పు ఇవ్వదు, పంట మునిగితే పరిహారమూ రాదు. ఎవరికండీ పండగ?

అయితే ఒకటి ఒప్పుకోవాలి. ఇంట్లో కూర్చున్నవారికి డబ్బు వస్తున్న మాట నిజం. మాకే వచ్చింది. మా నాన్నగారి పేరున ఉన్న రెండున్నర ఎకరాలకు ఏళ్ళ తరబడి హైదరాబాదులో కూర్చుని తీసుకున్నాం. ఆ నేలలో మేము ఒక్క గింజ విత్తలేదు. పోయిన పంట నుంచి ఆ డబ్బు చేను చేసే మనిషికే ఇస్తున్నాం.

బాబాయ్, మీకూ వస్తోంది కదా. ఈసారి ఖాతాలో పడగానే మీ పొలం చేసే అతనికి ఫోను చేయండి.