కమ్మింగ్‌లో ఇల్లు కొనేవారికి ఒక విన్నపం

భూమి విషయంలో తెలుగువాణ్ణి మోసం చేయడం అంత తేలిక కాదు. షాద్‌నగర్ అవతల రెండొందల గజాల ముక్క కొనాలన్నా ముప్పై ఏళ్ల ఈసీ తీయిస్తాడు. లింక్ డాక్యుమెంట్లన్నీ లాయరు ముందు పరుస్తాడు. అమ్మేవాడి చెల్లెలు సంతకం పెట్టిందా లేదా అని రెండుసార్లు అడుగుతాడు. అదే మనిషి అమెరికాలో, అట్లాంటాకు ఉత్తరాన ఉన్న ఫోర్సైత్ కౌంటీలోని కమ్మింగ్‌కు వచ్చి ఆరు లక్షల డాలర్ల ఇల్లు చూసినప్పుడు మూడే ప్రశ్నలు వేస్తాడు. ఈస్ట్ ఫేసింగేనా? స్కూల్ రేటింగ్ ఎంత? ఇండియన్ స్టోర్ ఎంత దూరం? ఈ నేల ఇదివరకు ఎవరిదని మాత్రం అడగడు.

కొందరు దీన్ని తప్పుపడుతున్నారు. నేను మాత్రం మనవాళ్ల ముందుచూపుకు ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదంటాను. అడిగితే ఏమవుతుందో మీ మేలు కోరి చెబుతున్నాను.

అడిగితే లింకు 1912 దగ్గర తెగుతుంది. ఆ సెప్టెంబరులో మే క్రో అనే తెల్ల యువతి మీద దాడి జరిగింది, తర్వాత ఆమె చనిపోయింది. ఆ కేసులో పట్టుకున్న రాబ్ ఎడ్వర్డ్స్ అనే నల్ల యువకుణ్ణి మూక జైల్లోంచి లాక్కొచ్చి, చంపి, కౌంటీ కేంద్రమైన కమ్మింగ్ కూడలిలో స్తంభానికి వేలాడదీసింది. అదే కేసులో ఎర్నెస్ట్ నాక్స్, ఆస్కార్ డేనియల్ అనే ఇద్దరు నల్ల టీనేజీ కుర్రాళ్లకు మాత్రం అలా కాదు, అంతా చట్టప్రకారమే. జ్యూరీలో అందరూ తెల్లవాళ్లే. ఉరి జనం కంటపడకూడదని జడ్జి ఆదేశించాడు కాబట్టి చుట్టూ కంచె కూడా కట్టారు. తెల్లారితే ఉరి అనగా ఆ రాత్రి కంచె తగలబడిపోయింది. అక్టోబరు 25న వేలమంది జాతరకొచ్చినట్టు వచ్చి చూసి వెళ్లారు.

అప్పటికే రాత్రిపూట గుర్రాల మీద తిరిగే మూకలు నల్లవాళ్ల ఇళ్ల మీద తుపాకులు పేలుస్తున్నాయి, చర్చిలు తగలబెడుతున్నాయి. కొద్ది వారాల్లో కౌంటీలోని సుమారు 1,100 మంది నల్లవాళ్లు దాదాపు అందరూ వెళ్లిపోయారు. మన ఐటీ లెక్కలో రీలొకేట్ అయ్యారనుకోండి, నోటీస్ పీరియడ్ లేకుండా.

వాళ్లలో సొంత భూమి ఉన్నవాళ్లూ ఉన్నారు. కొందరు వచ్చినకాడికి అమ్ముకున్నారు. అమ్ముకునే వ్యవధి కూడా లేనివాళ్ల పొలాలను కొన్నిచోట్ల ఇరుగుపొరుగు తమ పొలంలో కలిపేసుకుని, పన్ను కట్టుకుంటూ పోయారు. కొన్నేళ్లకు కాగితాల్లోనూ అవి వాళ్లవే అయిపోయాయి. మన దగ్గర కబ్జా చేయాలంటే ఎమ్మెల్యే అండ కావాలి, ఇక్కడ ఓపిక ఉంటే చాలింది. అంతకంటే వెనకటి డాక్యుమెంట్ కావాలంటారా? అది 1832 నాటి లాటరీ. చెరోకీలనే ఆదివాసీల భూమిని జార్జియా ప్రభుత్వం తెల్లవాళ్లకు లక్కీ డ్రా తీసి పంచింది. చెరోకీలు ఇంకా అక్కడే కాపురం ఉన్నారనేది చిన్న విషయం, 1838లో సైన్యం వచ్చి దాన్ని కూడా సర్దేసింది.

ఇక కౌంటీ అంచున ఉన్న సరస్సు, లేక్ లేనియర్. దాని అడుగున నల్లవాళ్ల ఊరు ఆస్కార్‌విల్ మునిగిపోయిందని, ఆ ఆత్మలే బోట్లను లాగేస్తున్నాయని యూట్యూబ్‌లో మనవాళ్లు కూడా వీడియోలు చూస్తుంటారు. వీకెండ్ పులిహోర డబ్బాలతో వెళ్లి, పిల్లలకు ఈ కథ చెప్పి, బోటెక్కుతారు. ఆ సరస్సు ఏర్పడిందే బ్యూఫర్డ్ డ్యామ్ వల్ల, దాన్ని కట్టింది 1950లలో. అప్పటికి ఆస్కార్‌విల్‌లో నల్లవాళ్లు లేక నలభై ఏళ్లు. ఎవరైనా ఈ లెక్క తీస్తే వెంటనే మాట మార్చండి. దయ్యం కథే మనకు మేలు. అందులో తరిమినవాడు లేడు, అగ్గి పెట్టినవాడు లేడు. నీళ్లొచ్చాయి, ఊరు మునిగింది. నీళ్ల మీద కేసు ఎవరు వేస్తారు? పైగా దయ్యానికి నిమ్మకాయలున్నాయి. లైఫ్ జాకెట్ వేసుకోకుండా మునిగిపోయినవాళ్లను కూడా ఆ ఆత్మల ఖాతాలోనే రాసేయొచ్చు. ఇక సరస్సు పేరంటారా, అది బానిసత్వాన్ని నిలబెట్టడానికి పోరాడిన కాన్ఫెడరేట్ సైన్యంలో పనిచేసిన కవి సిడ్నీ లేనియర్‌ది. ఆయన ఆత్మ గురించి ఎవరూ వీడియో చేసినట్టు లేదు.

1912 తర్వాత 75 ఏళ్లు కౌంటీ ప్రశాంతంగా ఉంది. 1987 జనవరి 17న పౌరహక్కుల నాయకుడు హోసియా విలియమ్స్ ఓ చిన్న ఊరేగింపుతో వచ్చి ఆ ప్రశాంతతకు భంగం కలిగించారు. రాళ్లు, సీసాలు పడ్డాయి. వారం తిరిగేసరికి ఊరేగింపుకు మళ్లీ సుమారు 20,000 మంది వచ్చారు, వాళ్లను కాపాడటానికి నేషనల్ గార్డ్ దిగింది. ట్రాఫిక్ సంగతి ఊహించుకోండి. తర్వాత నల్లవాళ్లను, తెల్లవాళ్లను కూర్చోబెట్టి ఒక కమిటీ వేస్తే, వాళ్లు రెండు వేర్వేరు నివేదికలిచ్చి లేచిపోయారు.

మనం వచ్చింది ఆ గొడవలన్నీ సద్దుమణిగాక, కేవలం ప్రతిభతో. నల్లవాళ్లు దెబ్బలు తిని 1964, 65లలో పౌరహక్కుల చట్టాలు సాధించారు, ఆ ఊపులోనే 1965లో ఇమ్మిగ్రేషన్ చట్టం మారి ఆసియావాళ్లకు తలుపు తెరుచుకుందని చదువుకున్నవాళ్లు కొందరు అంటుంటారు. పట్టించుకోకండి. మనది జేఎన్‌టీయూ, ఆపైన మాస్టర్స్.

పిల్లలు బడిలో ఇవన్నీ విని ఇంటికొచ్చి అడుగుతారేమోనన్న టెన్షన్ కూడా పెద్దగా అక్కర్లేదు. జాతి విషయంలో 'విభేదాలు పెంచే భావనలు' తరగతి గదిలో బోధించకూడదని 2022లో జార్జియా ఒక చట్టం చేసింది. గవర్నర్ దాని మీద సంతకం పెట్టడానికి రాష్ట్రమంతా వదిలేసి కమ్మింగ్ వచ్చారు. స్థలమహిమ.

ఒక్క చిక్కు ఉంది. 2021లో రాబ్ ఎడ్వర్డ్స్ పేరుతో కూడలి దగ్గర ఒక స్మారక ఫలకం నిలబెట్టారు. అంతటితో ఆగకుండా, 1912లో ఇక్కణ్ణించి వెళ్లిపోవాల్సి వచ్చిన నల్లవాళ్ల వారసులకు స్థానిక చర్చిలవాళ్లు స్కాలర్‌షిప్ మొదలుపెట్టారు. దానికి తమ ముత్తాతలు ఇక్కడివాళ్లేనని చూపించుకోవాలి. భూమి మన పేరున, లింక్ డాక్యుమెంట్ల తిప్పలు వాళ్లకు. ఈ వార్త మనవాళ్ల వాట్సాప్ గ్రూపులో పెడితే ఒక పెద్దాయన వెంటనే స్పందించారు: "జీపీఏ ఎంత ఉండాలండీ? మావాడు ఇక్కడే పుట్టాడు. పదేళ్లుగా ప్రాపర్టీ ట్యాక్స్ కూడా మేమే కడుతున్నాం."