సగటు లెక్క దాచేసిన పార్టీ రాత్రులు

బీచ్ పార్టీ ఊళ్ల గురించి మాట మొదలైతే తాగుడు, డీజే హోరు, కుర్రకారు ఆగడాల దగ్గరే ఆగిపోతుంది. నన్నడిగితే ముందు చూడాల్సింది ఆ ఊరి మురుగు ఎటు పోతోందో. శుక్రవారం సాయంత్రం దిగి ఆదివారం రాత్రికి వెళ్లిపోయే జనానికి అది కనపడదు. అక్కడే ఉండేవాళ్లకు మాత్రం వారమంతా కనపడుతుంది.

ఫిలిప్పీన్స్‌లోని బొరకాయ్ సంగతే తీసుకోండి. సుమారు పది చదరపు కిలోమీటర్ల చిన్న దీవి, నాలుగు కిలోమీటర్ల తెల్ల ఇసుక తీరం. మే డే సెలవులకు అక్కడ అప్పట్లో జరిగే పార్టీలకు ‘లాబొరకాయ్’ అని పేరు కూడా పడింది. 2018 ఫిబ్రవరిలో అప్పటి అధ్యక్షుడు డుటెర్టే ఆ దీవిని మురుగుగుంట అన్నారు. మాట కటువుదే గానీ అబద్ధం కాదు. కొన్ని హోటళ్లు, ఇళ్ల మురుగు అప్పట్లో శుద్ధి కాకుండానే సముద్రంలో కలిసేది. ఏప్రిల్ 26న, ఆ సంవత్సరం మే డే సందడికి సరిగ్గా ముందు, దీవిని పర్యాటకులకు మూసేశారు. మళ్లీ తెరిచింది అక్టోబర్ 26న.

తెరిచేటప్పుడు ఒక పరిమితి పెట్టారు. దీవిలో ఒకేసారి 19,215 మంది పర్యాటకులకు మించి ఉండకూడదు, రోజుకు 6,405 మందికి మించి కొత్తగా రాకూడదు. ఒక్కొక్కరు మూడు రోజులుంటారని వేసిన లెక్క ఇది. ఇప్పుడు మూసివేతకు ముందటి సంవత్సరం చూడండి. 2017లో వచ్చినవాళ్లు దాదాపు 20 లక్షల మంది. 365తో భాగిస్తే రోజుకు అయిదున్నర వేలు. పరిమితి కంటే తక్కువే! సగటు చూసి నడిపే అధికారికి అంతా సవ్యంగానే ఉన్నట్టు తోస్తుంది. కానీ జనం సగటున రారు. సెలవులకు, వారాంతాలకు కట్టగట్టుకుని వస్తారు. సెప్టిక్ ట్యాంకు పొంగేది ఆ రాత్రుల్లోనే. మురుగును సముద్రంలోకి వదలడానికి దొంగచాటుగా వేసిన గొట్టాల తప్పు వేరు, దానికి ఏ రోజైనా క్షమాపణ లేదు. కానీ గొట్టాలన్నీ సరిచేసినా, రద్దీ రాత్రిని కొలతగా తీసుకోని ఊరు మళ్లీ అక్కడికే వస్తుంది. 2022 ఈస్టర్ సెలవుల్లో బొరకాయ్‌లో పరిమితి మళ్లీ దాటింది కూడా.

మూసివేతను నేను తప్పుపట్టను. బాధంతా ఆ ఆరు నెలల ఖర్చు ఎవరి నెత్తిన పడిందన్నదే. ఆ ఉత్తర్వు మీద సుప్రీంకోర్టుకు వెళ్లినవారిలో ఒకరు ఇసుక కోటలు కట్టి పొట్టపోసుకునే మనిషి, మరొకరు పర్యాటకులను తిప్పే డ్రైవర్. మురుగు గొట్టం వేసింది వాళ్లు కాదు. 2019 ఫిబ్రవరిలో కోర్టు మూసివేతనే సమర్థించింది. చట్టం ప్రకారం అది సరైనదే కావచ్చు. ఇసుక కోటలు చూసేవాళ్లు లేక గడిచిన ఆరు నెలలు మాత్రం ఆ తీర్పుతో తిరిగి రావు.

తెరిచాక తీరంలో పార్టీలు, మద్యం, పొగ నిషేధించారు. మంచిదే, కానీ అది కంటికి కనిపించే సమస్యకు మందు. అసలు పట్టు హోటల్ బుకింగ్ దగ్గరుంది. అనుమతి ఉన్న హోటల్లో గది ఖరారైతేనే దీవికి రావాలనే నిబంధన బొరకాయ్‌లో వచ్చింది. దాన్ని గట్టిగా వాడితే జనం పడవ ఎక్కకముందే లెక్క తేలిపోతుంది. జెట్టీ దాకా వచ్చిన కుటుంబాన్ని వెనక్కి పంపడం ఏ ఉద్యోగికైనా కష్టం. గదులు నిండాక బుకింగ్ ఆపడం ఎవరికీ కష్టం కాదు. రద్దీ రాత్రులకు పర్యావరణ రుసుము పెంచాలి. అలా వచ్చే అదనపు సొమ్మును మూసివేత రోజుల్లో డ్రైవర్లకు, పడవవాళ్లకు, తీరంలో అమ్ముకునేవాళ్లకు కూలి కింద ఇచ్చేలా ముందే చట్టంలో రాయాలి.